రీసెట్ మధ్యలో కరెంటు పోయింది, లాప్‌టాప్ లేవట్లేదు. 20లోపు రిటర్న్ వేయాలి

పద్మ_లెక్కలు (గాజువాక), 15వ తేదీ, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇంట్లోనే కూర్చుని ఏడెనిమిది కొట్లకు లెక్కలు రాస్తాను. ట్యాలీ, జీఎస్టీ, అదే నా ప్రపంచం. లాప్‌టాప్ మూడేళ్లు దాటింది, విండోస్ 11. ఈమధ్య మరీ నెమ్మదించింది. ట్యాలీ మీద నొక్కి, టీ కాచుకుని వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. చుట్టాలబ్బాయి ఒకడు "రీసెట్ కొట్టు పిన్నీ, కొత్తదానిలా అయిపోతుంది" అన్నాడు. నిన్న సాయంత్రం మొదలుపెట్టాను. 'నా ఫైళ్లు ఉంచు' అన్నదే ఎంచుకున్నాను, అది మాత్రం గట్టిగా గుర్తుంది.

ముప్పై ఎంతో శాతం దగ్గర ఉండగా గాలివాన, కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో పనైపోయింది, ఛార్జర్ మీదే నడుపుతున్నాను. ఠక్కున ఆరిపోయింది. ఇప్పుడు ఆన్ చేస్తే కంపెనీ లోగో, కింద చుక్కలు తిరగడం, నీలం తెర, మళ్లీ లోగో. ఇదే తంతు.

కొట్ల డేటా అంతా అందులోనే ఉంది. బ్యాకప్ ఉంది గానీ పోయిన నెల 28వ తేదీది. 20న జీఎస్టీ రిటర్న్ 3బి గడువు. చాలా టెన్షన్‌గా ఉంది. ఒక్క మనవి: "బ్యాకప్ పెట్టుకోవాలి కదా" అని మాత్రం ఎవరూ అనకండి. నిన్నటి నుంచి మా ఆయన ఆ మాట పదకొండుసార్లు అన్నారు.

డాబాగార్డెన్స్_కుర్రోడు, రాత్రి 9:20

ఏటి మేడం దీనికింత కంగారు! పెన్‌డ్రైవ్ పెట్టి ఫార్మాట్ కొట్టేయండి, గంటలో అయిపోద్ది. డేటా ఎలాగూ క్లౌడ్‌లో ఉంటుంది కదా.

పద్మ_లెక్కలు, రాత్రి 9:24

ఉండదు బాబూ. ట్యాలీ డేటా సీ డ్రైవ్‌లోనే ఉంది.

మాస్టారు (సీతమ్మధార), రాత్రి 9:41

ఫార్మాట్ అన్న మాట రెండు రోజులు ఎవరూ ఎత్తకండి.

అమ్మా, నాకు నాలుగు సంగతులు కావాలి. నీలం తెర అడుగున సన్నటి అక్షరాల్లో ఒక స్టాప్ కోడ్ ఉంటుంది, అదేమిటో చూడు. ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల పేజీలోకి వెళ్తే (కొన్నింట్లో ఎఫ్10, ఎస్కేప్, డిలీట్ కూడా ఉంటాయి) అక్కడ డిస్క్ పేరు కనబడుతోందా? ఎక్కడైనా 48 అంకెల రికవరీ కీ అడిగిందా? ఆఖరిది, కరెంటు పోయిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఆ లాప్‌టాప్ మీద ఎవరెవరు ఏమేం నొక్కారు? ఈ ఆఖరి ప్రశ్నకు నా ముప్పై ఏళ్ల పాఠాల సర్వీసులో పూర్తి జవాబు ఒక్కసారీ రాలేదు. అయినా అడగడం నా ధర్మం.

పద్మ_లెక్కలు, రాత్రి 10:05

మాస్టారూ, స్టాప్ కోడ్ 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్'. ఎఫ్2 పనిచేసింది. మొదటి పేజీలోనే డిస్క్ పేరు, 512 జీబీ అని ఉన్నాయి. కీ ఏమీ అడగలేదు. మేమెవరమూ ఏమీ చేయలేదు. ఆపి, మళ్లీ ఆన్ చేశాం, అంతే.

ఉప్పుగాలి (పెదవాల్తేరు), రాత్రి 10:18

సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లకి ఒక మాట. మా ఇంట్లో కిటికీ గొళ్లేలు రెండేళ్లకోసారి మార్చాలి, అంత తుప్పు. లాప్‌టాప్ లోపలి పిన్నులకు మాత్రం పట్టదా? ర్యామ్, డిస్క్ ఒకసారి ఊడదీసి ఎరేజర్‌తో రుద్ది పెట్టండి. నాది అలాగే బాగైంది.

స్క్రూడ్రైవర్ (ద్వారకానగర్), రాత్రి 10:33

పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, చెబుతున్నా. ఉప్పుగాలి గారు అన్నది పూర్తిగా కొట్టిపారేసేది కాదు. బీచ్ రోడ్డు వైపు నుంచి వచ్చే వాటిలో స్క్రూలకూ, యూఎస్‌బీ తొడుగులకూ తుప్పు చూస్తూనే ఉంటాను. కానీ ర్యామ్‌కీ, ఎస్ఎస్‌డీకీ అంచున ఉండేది బంగారు పూత, అంత తేలిగ్గా చెడదు. ఎరేజర్‌తో గట్టిగా రుద్దితే ఆ పూతే పోతుంది. పైగా బయోస్‌లో డిస్క్ పేరు, సైజు సరిగ్గా చూపిస్తున్నప్పుడు పిన్నులను అనుమానించక్కర్లేదు. మేడం, ఇప్పుడే వెనక మూత విప్పకండి.

అన్నట్టు, బ్యాటరీ పోయిందన్నారు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుగానీ, నొక్కితే క్లిక్ పడక బిగుసుకుపోయినట్టుగానీ ఉందా? అది ముందు చూడండి. బ్యాటరీ ఉబ్బితే అలాగే ఉంటుంది.

పద్మ_లెక్కలు, రాత్రి 10:40

కుడివైపు కొంచెం లేచింది. ఆరు నెలల నుంచి అంతే, అరిగిపోయిందనుకున్నాను.

స్క్రూడ్రైవర్, రాత్రి 10:44

అయితే మంచం మీదా, ఒళ్లోనూ పెట్టుకోకండి. బల్ల మీద పెట్టి, మీరు ఎదురుగా ఉన్నప్పుడే ఛార్జర్ పెట్టండి. రాత్రిళ్లు ఛార్జింగ్ వద్దే వద్దు. ఈ పని ఒక కొలిక్కి రాగానే బ్యాటరీ తీయించేయండి.

కెరటం (మధురవాడ), రాత్రి 11:02

అక్కా, 2025 ఆగస్టులో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత విండోస్ 10లోనూ, విండోస్ 11 పాత వెర్షన్లు 22హెచ్2, 23హెచ్2లోనూ రీసెట్ విఫలమవుతోందని మైక్రోసాఫ్ట్ వాళ్లే ఒప్పుకున్నారు. అదే నెల 19న విడిగా సవరణ ఇచ్చారు. మీది ఎప్పటి నుంచో అప్‌డేట్ కాకుండా ఉండిపోయి ఉంటే అదీ ఒక కారణం కావచ్చు.

మాస్టారు, రాత్రి 11:15

మంచి సంగతే చెప్పావమ్మా, కానీ ఇక్కడ అతకదు. ఆ లోపంలో రీసెట్ దానంతటది ఆగి, మిషను పాత స్థితికి వెళ్లిపోయేది. ఇక్కడ బయోస్‌కి కనబడుతున్న డిస్క్ విండోస్‌కి అందట్లేదు. 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటే అర్థం అదే: నన్ను లోడ్ చేయడం మొదలైంది, తీరా చూస్తే నా ఇల్లే నాకు కనబడట్లేదు అని.

పద్మమ్మా, రేపు పొద్దున ఒక పని చెయ్యి. లోగో కనబడి చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపెయ్యి. అలా రెండు మూడు సార్లు చేస్తే రికవరీ తెర దానంతటదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. నల్ల తెరలో 'డిస్క్‌పార్ట్' అని కొట్టి ఎంటర్, తర్వాత 'లిస్ట్ డిస్క్' అని కొట్టి ఎంటర్. ఏం వచ్చిందో ఫోటో పెట్టు. చూడటమే, ఇంకేమీ చేయొద్దు. 'క్లీన్' అనే మాట పొరపాటున కూడా కొట్టకు. అది అడగదు, హెచ్చరించదు, తుడిచేస్తుంది.

డాబాగార్డెన్స్_కుర్రోడు, రాత్రి 11:20

బీసీడీబూట్ కమాండ్ కొడితే బూట్ ఫైళ్లు కొత్తగా రాసేసుకుంటుంది మాస్టారూ, ఇవన్నీ ఎందుకు?

మాస్టారు, రాత్రి 11:26

ఎక్కడ రాసుకుంటుంది నాయనా? డిస్క్ కనబడాలి కదా ముందు.

పద్మ_లెక్కలు, 16వ తేదీ, ఉదయం 8:50

ఫోటో పెట్టాను. 'చూపించడానికి ఫిక్స్‌డ్ డిస్క్‌లు లేవు' అన్నట్టుగా ఇంగ్లీషులో వచ్చింది. మాస్టారూ, డిస్క్ పోయినట్టేనా? పొద్దుట్నుంచి అన్నం కూడా సహించట్లేదు.

స్క్రూడ్రైవర్, ఉదయం 9:07

అన్నం తినండి మేడం. డిస్క్ పోలేదు.

బయోస్‌కి కనబడి విండోస్‌కి కనబడటం లేదంటే మధ్యలో ఎవరో అడ్డుగా ఉన్నట్టు. దాని పేరు వీఎండీ. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా లాప్‌టాప్‌ల బయోస్‌లో ఈ సెట్టింగ్ ఉంటోంది. ఆఫీసు బయట కూర్చునే గుమస్తా లాంటిదనుకోండి. అది ఆన్‌లో ఉంటే డిస్క్‌ని నేరుగా కలవడం కుదరదు, ఆ గుమస్తా భాష వచ్చిన డ్రైవర్ ఉండాలి. ఆఫ్‌లో ఉంటే విండోస్ తనకున్న మామూలు డ్రైవర్‌తోనే డిస్క్‌ని చదువుకుంటుంది. ఏ పద్ధతిలో విండోస్ వేశామో ఆ పద్ధతిలోనే నడపాలి. తర్వాత బయోస్‌లో అది మారిపోతే మీకు వచ్చిన ఆ నీలం తెరే వస్తుంది.

రెండు ప్రశ్నలు. మీ లాప్‌టాప్‌కి మధ్యలో ఎప్పుడైనా డిస్క్ మార్చారా? మొన్న కరెంటు పోయాక బయోస్‌లో ఎవరైనా వేలు పెట్టారా? నిజం చెప్పండి.

పద్మ_లెక్కలు, ఉదయం 9:55

అన్నగారూ, రెండింటికీ అవుననే చెప్పాలి.

పోయినేడాది డిస్క్ పాడైతే ఒక షాపులో కొత్త ఎస్ఎస్‌డీ వేయించి, విండోస్ కూడా అక్కడే వేయించాం. రెండోది ఇప్పుడే బయటపడింది. మొన్న రాత్రి కరెంటు వచ్చాక తెర మీద 'మార్పులు వెనక్కి తీస్తున్నాం' అన్నట్టు ఏదో వచ్చిందట. నేను వంటింట్లో ఉన్నాను. మా మరిది వచ్చి, అది కదలట్లేదని ఆపేసి, బయోస్‌లోకి వెళ్లి ఎఫ్9 నొక్కాడట. సెట్టింగులన్నీ మొదటికి వస్తాయని. "చెప్పేంత విషయం కాదనుకున్నా వదినా" అంటున్నాడు.

మాస్టారు, ఉదయం 10:02

నాలుగో ప్రశ్న.

స్క్రూడ్రైవర్, ఉదయం 10:20

అదీ సంగతి. జరిగింది ఇది. కొత్త ఎస్ఎస్‌డీ వేసినప్పుడు విండోస్ ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనబడి ఉండదు. ఆ షాపువాళ్లు వీఎండీ ఆఫ్ చేసి విండోస్ వేసేశారు. డ్రైవర్ వెతికి పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ చేయడం కన్నా అది సులువు. నేనూ అలాగే చేస్తాను, అబద్ధమెందుకు. కస్టమర్‌కి ఒక ముక్క చెప్పి పంపాలి, చెప్పం. మీ మరిది ఎఫ్9 నొక్కగానే వీఎండీ మళ్లీ ఆన్ అయింది.

ఇప్పుడు బయోస్‌లో మెయిన్ లేదా అడ్వాన్స్‌డ్ పేజీలో వీఎండీ కంట్రోలర్ అని ఉందేమో చూడండి. కనబడకపోతే కంగారుపడకండి, కొన్ని మోడళ్లలో అది దాచి ఉంటుంది. మెయిన్ పేజీలో ఉండగా కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటికొస్తుంది. దాన్ని డిజేబుల్ చేసి, ఎఫ్10 నొక్కి సేవ్ చేయండి. ఇంకేదీ ముట్టుకోవద్దు. మరిది గారిని ఆ సమయానికి బజారుకి పంపండి.

పద్మ_లెక్కలు, ఉదయం 11:31

కంట్రోల్ ఎస్ నొక్కితేనే వచ్చింది! డిజేబుల్ చేశాను. ఇప్పుడు వేరే నీలం తెర వచ్చింది. బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కించమంటోంది. నేనెప్పుడూ ఏ తాళమూ వేయలేదే? ఇన్నాళ్లూ అడగలేదు కూడా.

కెరటం, ఉదయం 11:40

మీరు వేయక్కర్లేదక్కా. చాలా లాప్‌టాప్‌ల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లాగిన్ అవగానే డిస్క్‌కి తాళం వేసే ఈ బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయిపోతుంది. కీ ఆ అకౌంట్‌లోనే దాచిపెడుతుంది. బయోస్‌లో ఇలాంటి మార్పు జరిగితే ఎవరో ఏదో చేస్తున్నారని అనుమానించి కీ అడుగుతుంది. నిన్నటిదాకా డిస్కే కనబడనప్పుడు తాళం సంగతి ఎందుకు అడుగుతుంది? అంటే ఇది మంచి కబురే.

ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైట్‌లోకి లాగిన్ అయి, డివైజుల దగ్గర రికవరీ కీల పేజీ చూడండి. లాప్‌టాప్ తెర మీద కీ ఐడీ అని ఉంటుంది. దాని మొదటి ఎనిమిది అక్షరాలు ఏ కీతో కలిస్తే అదే మీది.

పద్మ_లెక్కలు, మధ్యాహ్నం 12:25

నా అకౌంట్‌లో కీలే లేవు. మా ఆయన దాంట్లో ఒకటి ఉంది గానీ ఐడీ కలవలేదు.

మాస్టారు, మధ్యాహ్నం 12:38

ఆ షాపులో విండోస్ వేశాక మొదట ఎవరి పేరుతో తెరిచారు? గుర్తు తెచ్చుకో. కీ ఎక్కడా దొరకకపోతే ఆ డేటా నేనే కాదు, ఎవరూ తీయలేరు. అందుకే తొందరపడకుండా ఆలోచించు.

పద్మ_లెక్కలు, మధ్యాహ్నం 3:15

దొరికింది! అమ్మాయి అకౌంట్. అప్పుడు తనకి సెలవులు, లాప్‌టాప్ తెచ్చిన రోజు తనే కూర్చుని అన్నీ పెట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లో చదువుతోంది. క్లాసు అయ్యాక ఫోన్ చేసి చదివింది, నేను కాగితం మీద రాసుకున్నాను. ఐడీ కలిసింది. కానీ కీ తప్పంటోంది. రెండుసార్లు ఎక్కించాను. తను మళ్లీ క్లాసులోకి వెళ్లిపోయింది, సాయంత్రం దాకా ఫోన్ ఎత్తదు.

కెరటం, మధ్యాహ్నం 3:22

అక్కా, మీరు లెక్కల మనిషి కదా, ఇది మీకు నచ్చుతుంది. 48 అంకెలు ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటాయి. ప్రతి గుంపునీ విడిగా 11తో భాగించండి. నిశ్శేషంగా పోవాలి. కీని తయారు చేసేదే అలాగ. శేషం మిగిలిన గుంపులో రాతలో తప్పు దొర్లినట్టే.

పద్మ_లెక్కలు, మధ్యాహ్నం 3:41

ఐదో గుంపు! మిగతా ఏడూ సరిగ్గా పోయాయి, దానికే శేషం వచ్చింది. అందులో ఒక 9 ఉంది, తను హడావిడిగా చదువుతుంటే సిక్స్ అన్నదాన్ని నైన్ అని రాసుకున్నానేమోనని 6 పెట్టి భాగించాను, పోయింది. ఎక్కించాను, తీసుకుంది!! ట్రయల్ బ్యాలెన్స్ కలిసినప్పుడు కూడా ఇంత సంతోషం రాలేదు.

ఇప్పుడు 'పీసీని రీసెట్ చేయడంలో సమస్య వచ్చింది' అని చెప్పి రికవరీ తెరకే వచ్చి ఆగింది. విండోస్ మాత్రం తెరుచుకోలేదు.

డాబాగార్డెన్స్_కుర్రోడు, మధ్యాహ్నం 3:44

11తో భాగించడమేటండీ బాబూ, నాకిది ఇప్పటిదాకా తెలీదు. దండం.

స్క్రూడ్రైవర్, సాయంత్రం 4:10

సగంలో ఆగిన రీసెట్‌ని బతికించాలని చూడకండి. బతికినా ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. ముందు డేటా బయటికి తీద్దాం. పెద్ద పెన్‌డ్రైవ్ పెట్టి, మళ్లీ కమాండ్ ప్రాంప్ట్‌కి వెళ్లి 'నోట్‌ప్యాడ్' అని కొట్టండి. నవ్వకండి, నోట్‌ప్యాడే. ఫైల్, ఓపెన్ నొక్కి, కింద 'ఆల్ ఫైల్స్' అని మార్చండి. ఆ చిన్న కిటికీలోనే డిస్క్ అంతా కనబడుతుంది, ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేసుకోవచ్చు. కాపీ అవుతున్నట్టు గీత ఏమీ చూపించదు, బిగుసుకుపోయినట్టు ఉంటుంది. వదిలేసి కూర్చోండి. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు తారుమారుగా ఉండొచ్చు, మీ సీ కాస్తా డీ అయి ఉండొచ్చు.

యూజర్స్‌లో మీ ఫోల్డర్లు లేకపోతే 'విండోస్ డాట్ ఓల్డ్' అనేదాంట్లో వెతకండి.

పద్మ_లెక్కలు, రాత్రి 7:58

విండోస్ డాట్ ఓల్డ్ లోపల యూజర్స్, అందులో పబ్లిక్, అందులో ట్యాలీప్రైమ్, డేటా. అంకెల పేర్లతో ఉన్న ఫోల్డర్లన్నీ ఉన్నాయి. కాపీ చేశాను. డెస్క్‌టాప్ మీది బిల్లుల ఫోటోలు కూడా. నలభై నిమిషాలు తెర కదల్లేదు, దేవుడి గూట్లో దీపం వెలిగించి వచ్చేసరికి అయింది.

డాబాగార్డెన్స్_కుర్రోడు, రాత్రి 8:01

ఇప్పుడైనా ఫార్మాట్ అనొచ్చా మాస్టారూ?

మాస్టారు, రాత్రి 8:09

ఇంకా లేదు. ఆ పెన్‌డ్రైవ్ వేరే కంప్యూటర్లో పెట్టి, ట్యాలీలో తెరిచి, ఆఖరి వోచర్ ఏ తేదీదో చూడాలి. ఫోల్డర్ కనబడటం వేరు, లోపల సరుకు ఉండటం వేరు.

పద్మ_లెక్కలు, 17వ తేదీ, మధ్యాహ్నం 1:20

మేము లెక్కలు రాసే కొట్లలో ఒకరి దగ్గరికి వెళ్లి తెరిచి చూశాను. అన్ని కంపెనీలూ తెరుచుకున్నాయి, 13వ తేదీ వరకు ఎంట్రీలు ఉన్నాయి. 14న రాసినవి కూడా ఉన్నాయి, రెండు తప్ప. ఆ రెండూ నేను సేవ్ చేశానో లేదో నాకే గుర్తు లేదు.

మాస్టారు, మధ్యాహ్నం 1:31

కుర్రోడా, ఇప్పుడు నీ వంతు.

డాబాగార్డెన్స్_కుర్రోడు, మధ్యాహ్నం 1:50

మేడం, ఆ కొట్లోని కంప్యూటర్లోనే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించండి. పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీ ఉండాలి, అందులో ఉన్నవన్నీ తుడుచుకుపోతాయి. కాబట్టి డేటా ఉన్నది వాడకండి, వేరేది! ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' అనండి. లైసెన్స్ మదర్‌బోర్డ్‌కి ముడిపడి ఉంటుంది, ఇదివరకున్న ఎడిషనే వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోద్ది. హోమ్ ఉంటే హోమే వేయండి. వైఫై కనబడకపోతే ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. డేటా పెన్‌డ్రైవ్ మాత్రం ఆ టైములో లాప్‌టాప్‌కి పెట్టి ఉంచకండి. ఒకసారి మా ఫ్రెండ్ డిస్క్ బదులు అదే ఎంచుకున్నాడు. ఆ ఫ్రెండ్ నేనే.

స్క్రూడ్రైవర్, మధ్యాహ్నం 2:05

వీఎండీ ఇప్పుడు ఆఫ్‌లో ఉంది కదా, అలాగే ఉంచి వేయండి. అయ్యాక లాప్‌టాప్ అడుగున ఒక స్టిక్కర్ అంటించి 'వీఎండీ ఆఫ్' అని పెన్నుతో రాయండి. ఆ ఛార్జర్‌ని ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకి పెట్టండి. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైన్ ఫ్యాన్లకీ లైట్లకే ఉంటుంది, ముందు మెయిన్ ఆపి చూసుకోండి.

ఉప్పుగాలి, మధ్యాహ్నం 2:30

హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబరులో, మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టర్ కూడా మొదటి రాత్రే చేతులెత్తేసింది. ఆ వారం ఎవరి లాప్‌టాపూ పాడవలేదు, ఆన్ చేస్తే కదా.

పద్మ_లెక్కలు, 19వ తేదీ, రాత్రి 11:48

అందరికీ చెబుదామని వచ్చాను. విండోస్ 17 రాత్రే పడింది. వైఫై నిజంగానే కనబడలేదు, ఫోన్ కేబుల్‌తో నెట్ పెట్టాను, కాసేపటికి డ్రైవర్ దానంతటదే దిగింది. యాక్టివేట్ కూడా అయింది. ఈసారి నా అకౌంట్‌తోనే తెరిచాను. కొత్త రికవరీ కీ రాసి బీరువాలో పెట్టాను, ఎనిమిది గుంపులూ 11తో భాగించి మరీ. ఆఖరి కొట్టు రిటర్న్ ఇందాకే వెళ్లింది.

రెండు ఎంట్రీల సంగతి: సేవ్ చేయలేదు. బిల్లులు దొరికాయి.

బ్యాటరీ రేపు తీయిస్తాను. మూత విప్పిన ఫోటో షాపువాళ్లని తీయమన్నాను, ఇక్కడ పెడతాను. మా ఆయన పన్నెండోసారి అన్నారు.

ఎఫ్9_మరిది, 20వ తేదీ, ఉదయం 7:30

నేనే ఆ మరిదిని. దాని పక్కన 'సెటప్ డిఫాల్ట్స్' అని రాసి ఉంటే మంచిదే అనుకున్నాను. పేరు ఇలా పెట్టుకోమన్నది వదినే.

తగరపువలస_రాజు, 22వ తేదీ, సాయంత్రం 6:14

అన్నలూ, నాదీ ఇదే సమస్య. రీసెట్ చేశాక లేవట్లేదు. కంట్రోల్ ఎస్ ఎన్నిసార్లు నొక్కినా వీఎండీ రావట్లేదు. నాది ఏఎండీ ప్రాసెసర్.

స్క్రూడ్రైవర్, సాయంత్రం 6:40

వీఎండీ ఇంటెల్ వాళ్లది తమ్ముడూ, ఏఎండీలో ఉండదు. మీది వేరే కథ. విడిగా కొత్త చర్చ మొదలుపెట్టండి. నీలం తెర ఫోటో, బయోస్ మొదటి పేజీ ఫోటో పెట్టండి. ఇప్పటిదాకా ఇంట్లో ఎవరెవరు ఏమేం నొక్కారో అది కూడా రాయండి, అందరినీ అడిగాకే.